సీసాలోనే ఖర్చయిపోయే విటమిన్ సి

మే నెలలో హైదరాబాద్‌లో తెప్పించుకున్న, ముఖానికి రాసుకునే విటమిన్ సి సీరమ్ 40 డిగ్రీల ఎండలో, స్కూటర్ వెనక సంచీలో ఊరంతా తిరిగి ఇంటికి చేరుతుంది. చేరాక చాలామంది దాన్ని పెట్టేది స్నానాల గదిలో, గీజర్ పక్కన. ఇంతకన్నా చెడ్డ చోటు ఇంట్లో వెతికినా దొరకదు.

ఇలాంటి సీరమ్‌లలో పేరున్నది విటమిన్ సి అసలు రూపమైన ఎల్-ఆస్కార్బిక్ ఆమ్లం. ఎలక్ట్రాన్లను సులువుగా వదులుకోవడమే దాని గొప్పతనం. ఎండ వల్ల చర్మంలో పుట్టి కణాలను దెబ్బతీసే ఫ్రీ ర్యాడికల్స్‌ను అది అలాగే అణుస్తుంది. అయితే ఎదురుగా ఉన్నది చర్మమా, సీసాలోని ఆక్సిజనా అన్న పట్టింపు దానికి లేదు. ఆక్సిజన్ తగిలితే ముందు డీహైడ్రోఆస్కార్బిక్ ఆమ్లం అవుతుంది. దీనికి రంగు లేదు. నీటి చర్యతో దీని అణువులోని వలయం తెగి డైకీటోగులోనిక్ ఆమ్లంగా మారిందంటే ఇక విటమిన్ తిరిగి రాదు. అదీ ముక్కలయ్యాకే పసుపు, ఆపైన గోధుమరంగు. ఆ ముక్కల్లో ఎరిథ్రులోజ్ ఒకటి. ఎండ తగలకుండానే ఒంటికి గోధుమ ఛాయ తెప్పించే క్రీముల్లో దీన్ని వాడతారు! నిగారింపు కోసం కొన్న సీరమ్ పాడయ్యాక గోళ్లకు పసుపు పట్టిస్తే వింతేముంది? రంగు రాలేదు కాబట్టి తాజాగానే ఉందనుకోవడానికీ వీల్లేదు.

సీసాలో చిక్కుకున్న గాలి ఒక్కటే ఇంత నష్టం చేస్తుందా? లెక్క వేద్దాం. 15 శాతం సీరమ్ 30 మిల్లీలీటర్ల సీసాలో సగానికి వచ్చిందంటే మిగిలిన విటమిన్ 2.25 గ్రాములు. పైన ఉన్న 15 మిల్లీలీటర్ల గాలిలో ఆక్సిజన్ దాదాపు 3 మిల్లీలీటర్లు. అది మహా అయితే ఒకటి రెండు శాతం విటమిన్‌ను తినగలదు. అసలు దోషి మన చేయి. మూత తీసి డ్రాపర్ నొక్కిన ప్రతిసారీ కొత్త గాలి లోపలికి వెళుతుంది. సీరమ్ తగ్గేకొద్దీ గాలికి చోటూ పెరుగుతుంది. కాబట్టి డ్రాపర్ కన్నా గాలి చొరని పంపు సీసా నయం. డ్రాపర్‌ది చూడముచ్చటైన దండగ.

వేడి ఈ చర్యను తొందరపెడుతుంది. పది డిగ్రీలు పెరిగితే వేగం సుమారు రెట్టింపవుతుందని స్థూలమైన లెక్క. ఇనుము, రాగి లవలేశం ఉన్నా చాలు, ఆక్సీకరణ ఊపందుకుంటుంది. నీటిలో ఇవి ఉండొచ్చు, అందుకే తడి చేతికి డ్రాపర్ తగిలించకూడదు.

తయారీదారులకూ ఇది సులువైన పని కాదు. ఈ ఆమ్లం చర్మంలోకి దిగాలంటే పీహెచ్ (ఎంత తగ్గితే అంత పులుపు) 3.5 కన్నా తక్కువ ఉండాలి. ఆ పులుపు కొన్ని ముఖాలను మండిస్తుంది. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో చర్మవైద్యుడు షెల్డన్ పిన్నెల్ బృందం 2005లో 15 శాతం విటమిన్ సి, 1 శాతం విటమిన్ ఇ ఉన్న ద్రావణానికి మొక్కల్లో ఉండే ఫెరులిక్ ఆమ్లాన్ని అర శాతం జోడించి, అది రెండింటినీ నిలకడగా ఉంచుతుందని చూపింది. ఎండ నుంచి రక్షణ కూడా రెట్టింపైంది. సోడియం ఆస్కార్బిల్ ఫాస్ఫేట్ వంటి విటమిన్ సి రూపాలు ఎక్కువ కాలం నిలుస్తాయి గానీ, చర్మంలోకి వెళ్లాక విటమిన్‌గా మారాలి. అక్కడ వాటి పనితనానికి రుజువులు అంత బలంగా లేవు.

మన ఎండలకు ఫ్రిజ్ తలుపులోని అర మేలు. పెద్ద సీసా చవకగా వస్తుందని ఆశపడకుండా, రెండు మూడు నెలల్లో అయిపోయేదే కొనండి.