ముందే రిటైరై వాచీల రిపేరు పనిలోకి రావాలనుకునేవారికి: అపోహలు - వాస్తవాలు

ఉద్యోగానికి కాస్త ముందుగానే సెలవు చెప్పి, ఇన్నాళ్లూ సరదాగా చేసిన వాచీల రిపేరునే పనిగా పెట్టుకోవాలనుకునేవాళ్లు నన్ను తరచూ సలహా అడుగుతుంటారు. నేనూ ఆ దారిలో వచ్చినవాణ్నే. ఆఫీసు ఉద్యోగం వదిలేసి, ఇప్పుడు బెంచి ముందు కూర్చుని ఇతరుల గడియారాలు బాగుచేస్తున్నాను. ఈ పనంటే నాకు ప్రాణం. అందుకే మంచి చేయి ఉన్నవాళ్లు కూడా ఏడాది రెండేళ్లలో విసిగిపోయి మానేస్తుంటే బాధేస్తుంది. పనితనం లేక మానేసినవాళ్లు నాకు పెద్దగా కనబడలేదు. ముందుగా వేసుకున్న అంచనాలు తప్పి మానేసినవాళ్లే ఎక్కువ. ఆ అంచనాల గురించే ఈ నాలుగు మాటలు.

అపోహ: ఇష్టమైన పని కాబట్టి అది పనిలా అనిపించదు

హాబీగా చేసినప్పుడు వాచీ మీది, టైమూ మీదే. విసుగొస్తే మూతపెట్టి పక్కన పెట్టేయొచ్చు, నెల తర్వాత మళ్లీ తీయొచ్చు. కస్టమర్ వాచీకి ఆ వెసులుబాటు ఉండదు. అది వేరొకరి వస్తువు, చాలాసార్లు వాళ్ల నాన్నగారిదో తాతగారిదో, ఫలానా రోజుకు ఇస్తామని మాట కూడా ఇచ్చి ఉంటాం.

ఒక మామూలు మెకానికల్ వాచీ సర్వీసింగునే తీసుకోండి. వెనక మూత తెరవగానే ముందు మెయిన్ స్ప్రింగులో (వాచీని నడిపించే స్ప్రింగు) మిగిలి ఉన్న బిగువును నెమ్మదిగా వదిలించాలి. అది మర్చిపోయి, చక్రాలను ఆపి ఆపి వదిలే ప్యాలెట్ ఫోర్క్ అనే చిన్న భాగాన్ని విప్పితే చక్రాలన్నీ ఒక్కసారిగా గిర్రున తిరిగి పళ్లో, పివట్లో (ఇరుసుల సన్నటి కొనలు) దెబ్బతింటాయి. తర్వాత ముళ్లు, డయల్, బ్యాలెన్స్ (అటూ ఇటూ ఊగుతూ టైము నిర్ణయించే చక్రం), మిగతా చక్రాలు అన్నీ విడదీసి, కడిగి, ఆరబెట్టి, ఒక్కో పివట్‌నూ భూతద్దం కింద చూడాలి. ఆ పైన నూనె. ఒకే నూనె అన్నిచోట్లా వాడితే కుదరదు. వేగంగా కదిలే సన్నటి పివట్లకు పలచటిది, బరువు పడేచోట చిక్కటిది, కీ ఇచ్చే భాగాలకు గ్రీజు. బ్యాలెన్స్ పివట్ కొనను కప్పి ఉంచే క్యాప్ రాయి కింద నూనె చిన్న గుండ్రటి బొట్టులా నిలబడాలి. ఆ బొట్టు రాయి వెడల్పులో సగానికి కాస్త ఎక్కువ ఉంటే చాలు. ఇంకా ఎక్కువైతే పక్కలకు పాకిపోయి, ఉండాల్సిన చోటే నూనె లేకుండా పోతుంది.

ఇదంతా అయ్యాక, వాచీ చప్పుడు విని రోజుకు ఎంత ముందో వెనకో చెప్పే యంత్రమైన టైమ్‌గ్రాఫర్ మీద పెట్టి, డయల్ పైకి, డయల్ కిందికి, కీ పక్కకు, ఇలా రకరకాల భంగిమల్లో సరిచూడాలి. వాచీ లోపలి యంత్రాన్నే మెషిన్ అంటాం. గంటకు 28,800 సార్లు కొట్టుకునే మెషిన్ అయితే రోజుకు 6,91,200 దెబ్బలు. రోజుకు 10 సెకన్ల తేడా అంటే 0.012 శాతం కూడా లేదు. కచ్చితత్వానికి ఇచ్చే స్విస్ క్రోనోమీటర్ సర్టిఫికెట్ కోసం పరీక్షకు వెళ్లే మెషిన్లకే సగటున రోజుకు మైనస్ 4 నుంచి ప్లస్ 6 సెకన్ల వరకు అనుమతి ఉంటుంది. అయినా కస్టమర్ ఫోన్ పక్కన పెట్టుకుని చూసి "ఎనిమిది సెకన్లు ముందుంటోందండీ" అని తిరిగి తెస్తారు. అప్పుడు చిరాకు పడకుండా, అది తప్పు కాదని వాళ్లకు అర్థమయ్యేలా చెప్పడం కూడా పనిలో భాగమే. నిజానికి ఈ వృత్తిలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది ఇదే. వాచీతో మాట్లాడటం మనకు ముందే వచ్చు, మనిషితో మాట్లాడటం కొత్తగా నేర్చుకోవాలి.

అపోహ: ఏళ్ల తరబడి చేస్తున్నాను, చేతికి ఢోకా లేదు

ఢోకా ఉండకపోవచ్చు. కానీ హాబీలో మనం మనకు తెలిసిన మెషిన్లనే కొని తెచ్చుకుంటాం. అవే విప్పుతాం, అవే బిగిస్తాం, చేయి తిరిగిందనుకుంటాం. షాపు తెరిచాక ఏది రావాలో నిర్ణయించేది మనం కాదు. చిటికెనవేలి గోరంత ఉండే లేడీస్ వాచీ మెషిన్, తుప్పు పట్టిన స్టెమ్ (కీ పుల్ల), ఎవరో స్క్రూడ్రైవర్‌తో గీకేసిన బ్రిడ్జి (చక్రాలను పట్టి ఉంచే పలక), క్యాలెండర్ మారని ఆటోమేటిక్, ఇలా ఏదైనా రావచ్చు.

ఇంకో సంగతి. వచ్చే పనిలో ఎక్కువ భాగం మెకానికల్ సర్వీసింగ్ కాదు. బ్యాటరీలు, బెల్టులు, గ్లాసులు, రబ్బరు సీళ్లు. దీన్ని చిన్నచూపు చూసి, "నేను అసలైన మెషిన్లే ముడతాను" అని పట్టుబట్టినవాళ్లు ఎక్కువ కాలం నిలవడం నేను చూడలేదు. క్వార్ట్జ్ వాచీకి బ్యాటరీ మార్చేటప్పుడు కాయిల్ రెసిస్టెన్స్ మల్టీమీటర్‌తో చూడటం, లీకైన బ్యాటరీ మిగిల్చిన ఉప్పును సర్క్యూట్ మీంచి శుభ్రం చేయడం, సీల్‌కు సిలికోన్ గ్రీజు రాయడం, ఇవన్నీ చక్కగా చేస్తే ఆ మనిషే రేపు తాతగారి వాచీ తీసుకొచ్చి మన చేతిలో పెడతాడు.

అపోహ: ఇప్పుడు అందరికీ ఫోన్లున్నాయి, ఈ వృత్తి చచ్చిపోయింది

ఈ మాట 50 ఏళ్లుగా వినబడుతోంది. 1969 డిసెంబరులో సీకో కంపెనీ ఆస్ట్రాన్ అనే క్వార్ట్జ్ చేతి గడియారాన్ని అమ్మకానికి తెచ్చింది. ఆ తర్వాతి పదిహేనేళ్లలో స్విట్జర్లాండ్ గడియారాల పరిశ్రమలో సుమారు 90,000 ఉన్న ఉద్యోగాలు 30,000 ప్రాంతానికి పడిపోయాయి. ఆ దెబ్బకు కొత్తగా పని నేర్చుకునేవాళ్లు తగ్గిపోయారు. తర్వాత మెకానికల్ వాచీల మీద జనానికి మళ్లీ మోజు పెరిగింది కానీ, బాగుచేసే చేతులు ఆ వేగంతో పెరగలేదు. కాబట్టి పని తెలిసినవాళ్లకు పని దొరుకుతుంది.

అసలు ఇబ్బంది విడిభాగాలతో. చాలా పెద్ద బ్రాండ్లు తమ పార్టులను తాము గుర్తించిన సర్వీస్ సెంటర్లకు తప్ప బయటివాళ్లకు అమ్మవు. ఖరీదైన కొత్త వాచీల మీదే బతుకుదామనుకుంటే అక్కడే ఆగిపోతాం. పాతకాలపు వాచీలు, అనేక కంపెనీలు ఉమ్మడిగా వాడుకున్న మెషిన్లు, పార్టుల కోసం కొని పెట్టుకునే పాడైన వాచీలు, వీటిమీదే స్వతంత్రంగా చేసుకునేవాళ్ల పని నడుస్తుంది. ఉద్యోగంలో ఉండగానే అలాంటి పాడైన వాచీలను మెషిన్ నంబర్ల వారీగా డబ్బాల్లో సర్దుకుంటూ రండి. రిటైరయ్యే నాటికి అది మీ దగ్గరున్న మంచి ఆస్తుల్లో ఒకటవుతుంది.

అపోహ: రిపేర్ల డబ్బు వస్తుందిగా, ఇంకాస్త ముందే మానేయొచ్చు

టెన్షన్ పెట్టే విషయం ఇదే, చాలామంది లెక్క వేయకుండా వదిలేసేదీ ఇదే. ఒక పూర్తి సర్వీసింగుకు చేతి పనే కొన్ని గంటలు పడుతుంది, తర్వాత కొన్ని రోజులు పరిశీలనలో ఉంచాలి. దానికి తోడు కస్టమర్లతో మాట్లాడటం, పార్టుల కోసం వెతకడం, ప్యాకింగు, లెక్కలు, పన్నులు. రోజంతా బెంచి దగ్గరే ఉన్నా, బిల్లు వేయగలిగే సమయం అందులో సగం ఉంటే బాగా జరిగినట్టే లెక్క. టైమ్‌గ్రాఫర్, క్లీనింగ్ మెషిన్, స్టేకింగ్ సెట్ (చిన్న భాగాలను దిగ్గొట్టే, ఊడదీసే పరికరం), గ్లాసు ప్రెస్, నీటి పీడనం పరీక్షించే యంత్రం, కొంతకాలానికి పాతబడి పారబోయాల్సిన నూనెలు, వీటి ఖర్చు ముందే పడుతుంది.

రిటైర్మెంట్ లెక్కల్లో తరచుగా వినబడే 4 శాతం సూత్రం (దాచినదాంట్లో మొదటి ఏడాది 4 శాతం తీయొచ్చన్నది) 1994లో విలియం బెంగెన్ రాసిన వ్యాసం నుంచి వచ్చింది. అమెరికా మార్కెట్ల పాత గణాంకాలు తీసుకుని, 30 ఏళ్లు డబ్బు నిలవాలంటే మొదటి ఏడాది ఎంత తీయొచ్చో, ఆ తర్వాత ధరల పెరుగుదలను బట్టి ఎంత పెంచుకోవచ్చో ఆయన చూశాడు. 45 ఏళ్లకే మానేసేవారికి 30 ఏళ్లు చాలవు, దేశాన్ని బట్టి మార్కెట్లూ ధరల పెరుగుదలా వేరుగా ఉంటాయి. ఏటా 6 శాతం చొప్పున ధరలు పెరిగితే 12 ఏళ్లకు ఖర్చు రెట్టింపవుతుంది. కాబట్టి ఆ అంకెను గీటురాయిగా పెట్టుకోకుండా, దానికంటే తక్కువ తీసేలా చూసుకోవడం మేలు.

ఇక్కడే రిపేరు సంపాదన నిజంగా పనికొస్తుంది, కానీ జనం అనుకున్నట్టు కాదు. ఏడాది ఖర్చు 100 అనుకోండి, దాచుకున్నది 2,500. మొత్తం దాచిన దాంట్లోంచే తీస్తే అది 4 శాతం. రిపేర్ల మీద ఖర్చులన్నీ పోను 25 మిగిలితే, తీసేది 75, అంటే 3 శాతం. తేడా చిన్నదిలా కనిపించినా, మొదటి అయిదు పదేళ్లలో దాని విలువ చాలా పెద్దది. రిటైరైన కొత్తలోనే మార్కెట్లు పడిపోతే, పడిన ధరకు అమ్మి తినాల్సి వస్తుంది, ఆ సొమ్ము మళ్లీ కోలుకునే అవకాశం పోతుంది. ఆ గడ్డుకాలంలో అమ్మాల్సింది కొంత తగ్గించగలిగితే చాలు. అందుకని రిపేరు ఆదాయాన్ని చూపించి రిటైర్మెంటును ముందుకు జరపొద్దని నా గట్టి అభిప్రాయం. అది లేకపోయినా ఇల్లు గడిచేలా లెక్క వేసుకుని, వచ్చినదాన్ని రక్షణగా వాడుకోండి. ఇంటి ఖర్చు మొత్తం బెంచి మీద పడిన రోజున తొందరపాటు మొదలవుతుంది. తొందరపాటున్న చేతికి, బ్యాలెన్స్‌కు ఉండే వెంట్రుకంత సన్నటి హెయిర్ స్ప్రింగ్ లొంగదు.

అపోహ: ఇంట్లో కూర్చుని చేసే పని, ప్రమాదమేముంది

దీన్ని దయచేసి జాగ్రత్తగా చదవండి. సుమారు 1960ల వరకు చీకట్లో వెలిగే డయళ్లకూ ముళ్లకూ రేడియం కలిపిన రంగు వాడేవారు. ఇప్పుడు అది వెలగదు కాబట్టి శక్తి అయిపోయిందని అనుకుంటారు. వెలగకపోవడానికి కారణం అందులోని జింక్ సల్ఫైడ్ పాడైపోవడం. రేడియం-226 సగానికి తగ్గాలంటేనే సుమారు 1,600 ఏళ్లు పడుతుంది. ఆ రంగు ఎండి పొడిగా రాలుతుంది. గ్లాసు మూసి ఉన్నంతసేపు ముప్పు తక్కువ. తెరిచి గీకినప్పుడు లేచే పొడి ఊపిరితిత్తుల్లోకో నోట్లోకో వెళ్తే ఎముకల్లో చేరుతుంది. గత శతాబ్దం తొలి దశాబ్దాల్లో అమెరికా ఫ్యాక్టరీల్లో బ్రష్షు కొనను పెదాలతో సన్నం చేసుకుంటూ ఈ రంగు వేసిన అమ్మాయిల్లో పలువురు దవడ ఎముకలు కుళ్లిపోయి చనిపోయారు. కాబట్టి పాత రేడియం డయల్‌ను గీకొద్దు, ఊదొద్దు, రంగు మళ్లీ వేస్తానని ఒప్పుకోవద్దు. పిల్లలు తిరిగే ఇంట్లో అయితే అసలు తెరవొద్దు. ఆ పని సదుపాయాలున్నవాళ్లకు వదిలేయండి.

కడిగే ద్రావకాలకు గాలి ఆడే చోటు, నిప్పుకు దూరం కావాలి. ఇక కళ్లు, చేతులు వయసుతో సహకరించవేమోనని భయపడేవాళ్లు అంతగా బెంగపడక్కర్లేదు. దగ్గరి చూపు తగ్గిన లోటును భూతద్దం, స్టీరియో మైక్రోస్కోప్ చాలావరకు తీరుస్తాయి. చేతి వణుకును తగ్గించేది బెంచి ఎత్తు. మామూలు టేబుల్ చాలదు, దాదాపు ఛాతీ ఎత్తున ఉండి, మోచేతుల దాకా ఆనించుకునేలా ఉండాలి. మెడ కూడా వంగదు.

అపోహ: మానేశాక తీరిగ్గా మొదలుపెట్టొచ్చు

జీతం వస్తుండగానే మొదలుపెట్టండి. ముందు మీ ఉద్యోగ నిబంధనలు బయటి పనికి ఒప్పుకుంటాయో లేదో చూసుకోండి. ఒప్పుకుంటే, స్నేహితుల వాచీలు కాకుండా పరిచయం లేనివాళ్ల వాచీలు, డబ్బు తీసుకుని, తేదీ చెప్పి చేయండి. స్నేహితులు ఆలస్యమైనా ఏమీ అనరు, వాళ్ల మెప్పు మీకు ఏమీ నేర్పదు. ఒక ఏడాది పాటు ప్రతి వాచీకీ పట్టిన గంటలు, వాడిన పార్టులు, తిరిగొచ్చినవి ఎన్నో రాసుకోండి. ఏ రకం పనిలో మిగులుతోంది, ఏది గంటలు తినేస్తోంది అన్నది ఆ పుస్తకమే చెబుతుంది.

వాచీ చేతికి తీసుకునేటప్పుడు ముందూ వెనకా ఫోటోలు, సీరియల్ నంబరు, ఉన్న గీతలు, నడుస్తోందా లేదా అన్నది కస్టమర్ ఎదురుగానే రాయండి. అంచనా ఖర్చు చెప్పి, అంతకు మించితే ఫోన్ చేశాకే చేస్తామని అదే కాగితం మీద రాయండి. ఇతరుల వస్తువులు మీ ఇంట్లో ఉంటాయి కాబట్టి, మీ ఇంటి బీమా వాటికి వర్తిస్తుందో లేదో కనుక్కోండి. చాలావాటికి విడిగా తీసుకోవాల్సి వస్తుంది. పాత వాచీని అడగకుండా పాలిష్ చేయొద్దు, డయల్ మార్చొద్దు. ఆ గీతల్లోనే వాళ్ల మనిషి ఉన్నాడని వాళ్లు అనుకోవచ్చు.

అపోహ: వచ్చిన పనిని కాదనకూడదు

కాదనాల్సినవి ఉన్నాయి. నకిలీ బ్రాండు పేరు రాసి ఉన్న వాచీని నేను ముట్టుకోను. పాత వాచీకి నీళ్ల గ్యారంటీ ఇవ్వను. డయల్ మీద 30 మీటర్లు అని ఉంటే అది కొత్తగా ఉన్నప్పుడు 3 బార్ల పీడనానికి తట్టుకుందని మాత్రమే చెబుతుంది, అంత లోతున ఈదొచ్చని కాదు. ఏళ్లు గడిచేకొద్దీ సీళ్లు గట్టిపడతాయి, కేసు తుప్పుతో గుంటలు పడుతుంది. సీళ్లు మార్చి, యంత్రం మీద పరీక్షించి, వచ్చిన ఫలితాన్ని ఆ తేదీతో రాసిస్తాను. చేతులు కడుక్కోవడానికి సరిపోతుందో లేదో చెబుతాను. ఈతకు తీసి పక్కన పెట్టమంటాను.