ఒళ్లో ఉన్న బిడ్డకు బెల్టు ఎందుకు

నెల్లూరు నుంచి పుట్టువెంట్రుకలకు తిరుమల బయలుదేరే కారును ఎప్పుడైనా గమనించండి. ముందు సీట్లో తాతయ్య. వెనక అమ్మ, అమ్మమ్మ, పిన్ని, వాళ్ల ఒళ్లో చంటిబిడ్డ. వెంకటాచలం టోల్‌గేటు కనబడగానే డ్రైవరు బెల్టును భుజం మీదికి లాక్కుంటాడు, బకిల్ పెట్టకుండానే. గేటు దాటగానే వదిలేస్తాడు. వెనక వాళ్లకు ఆ మాత్రం టెన్షన్ కూడా ఉండదు. బిడ్డ ఒళ్లోనే ఉంది కదా, ఇంకేం భయం?

ఈ ధీమా మన దగ్గరే కాదు. అమెరికాలోని టెన్నెసీలో రాబర్ట్ శాండర్స్ అనే పిల్లల డాక్టరు వెంటపడి సాధించిన పిల్లల సీట్ల చట్టం 1978లో అమల్లోకి వచ్చింది. ఆ దేశంలో అలాంటి చట్టం అదే మొదటిది. అందులోనూ ఒక సందు మిగిల్చారు: పెద్దవాళ్లు చేతుల్లో పట్టుకుంటే సీటు అక్కర్లేదని. దాన్ని మూయించడానికి 1981 దాకా పట్టింది. 50 కిలోమీటర్ల వేగంతో పోయే కారు దేన్నైనా గుద్దితే, 10 కిలోల బిడ్డ ఆ క్షణంలో 200, 300 కిలోల బరువై ముందుకు దూసుకుపోతుంది. ఎంత ప్రేమ ఉన్నా తల్లి చేతులు ఆపలేవు. తనకూ బెల్టు లేకపోతే ఆ తల్లే బిడ్డ మీద పడి నలిపేస్తుంది.

ఇప్పుడు మనం వాడే మూడు చోట్ల బిగిసే బెల్టు 1959 నాటిది. వోల్వో ఇంజనీరు నీల్స్ బోలిన్ తయారుచేస్తే, ఆ కంపెనీ పేటెంటును అందరికీ వదిలేసింది. మన దేశంలో కొత్త కార్ల ముందు సీట్లకు 1994 నుంచి, వెనక సీట్లకు 2002 నుంచి బెల్టులు తప్పనిసరయ్యాయి. బిడ్డ వంతు అందరికంటే చివర వచ్చింది. 14 ఏళ్లలోపు పిల్లలకు బెల్టో, పిల్లల సీటో లేకపోతే బండి నడిపేవాళ్లకు 1000 రూపాయల జరిమానా అని చట్టంలో చేరింది 2019 సెప్టెంబరులో.

ఈలోగా రోడ్డు మారిపోయింది. పాత ఐదో నంబరు హైవే వెడల్పయి పదహారో నంబరయింది. కావలి నుంచి ఒంగోలు దాకా కారు వంద దాటినా వందలా అనిపించదు.

2018 ఆగస్టు 29న నందమూరి హరికృష్ణ కావలిలో పెళ్లికని హైదరాబాదు నుంచి వస్తూ నల్గొండ దగ్గర ప్రమాదంలో పోయారు. బెల్టు పెట్టుకోలేదనీ, కారులోంచి బయటికి ఎగిరిపడ్డారనీ వార్తలొచ్చాయి. మా వైపు కొన్నాళ్లు ఎవరింటికి వెళ్లినా బెల్టు మాటే. 2022లో టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ కారు ప్రమాదంలో పోయినప్పుడు వెనక సీటు గుర్తొచ్చింది. ఆయన కూర్చున్నది వెనకే, బెల్టు లేకుండా. అయినా బెల్టు పెట్టుకోకుండా అలారం నోరు నొక్కే క్లిప్పులు ఆన్‌లైన్లో అమ్ముడవుతూనే వచ్చాయి. 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఆదేశిస్తే గానీ వాటిని తీయలేదు. ఇది తలుచుకుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

మా కారులో వెనక బెల్టుల బకిల్స్ ఏళ్ల తరబడి సీటు కవరు కిందే ఉండిపోయాయి. మనవరాలి కోసం పిల్లల సీటు కొన్నాక కవరు విప్పించాం. ఒక బకిల్లో మరమరాలు ఇరుక్కున్నాయి. పిన్నుతో తీసి, బెల్టు నాలుక లోపలికి నొక్కితే టక్కుమని పడింది. ముందు సీట్లో ఎయిర్‌బ్యాగ్ ఉంది, అది తెరుచుకుంటే పాపకే దెబ్బ కాబట్టి పాప సీటును వెనకే, పాప ముఖం డిక్కీ వైపు ఉండేలా బిగించాం. పక్కన వాళ్ల అమ్మమ్మ, తనూ బెల్టు పెట్టుకుని, పాప పాదం పట్టుకుని కూర్చుంది.