ఏప్రిల్ నెలంతా నాలుగో నిమిషమే

చిన్నీ, బంటీ,

మొన్న ఫోన్‌లో చిన్ని అడిగింది కదా, "తాతా, నేను చేసిన పేజీలో కొందరి పుట్టినరోజు 01-01-1970 అని పడుతుంది, ఎందుకు?" అని. ఫోన్‌లో చెబితే సగం అర్థమై సగం పోతుంది, అందుకే రాస్తున్నా.

నీ పేజీ రాసిన భాష పీహెచ్‌పీకి మనలాగా వారాలు, నెలలు ఏమీ పట్టవు బిడ్డా. దాని దగ్గర ఉండేది ఒకటే అంకె, 1970 జనవరి 1 అర్ధరాత్రి నుంచి, అదీ యూటీసీ, అంటే ప్రపంచమంతా ఒప్పుకున్న ఉమ్మడి టైమ్ లెక్కన, ఇప్పటిదాకా ఎన్ని సెకన్లు గడిచాయి అని. నేను అంతకు ముందే పుట్టినోణ్ని కాబట్టి నా పుట్టినరోజు దాని లెక్కలో మైనస్. (అసలు నా పుట్టినరోజే బడిలో సార్లు అందాజుగా రాసింది, అది వేరే కథ.) ఆ అంకెను మనం చదివేటట్టు రాసిచ్చేది డేట్ అనే ఫంక్షన్, మనం రాసిన తేదీని మళ్లీ అంకె చేసేది strtotime అనే ఫంక్షన్.

చిన్నీ, నువ్వు దెబ్బతిన్నది ఈ రెండోదాని దగ్గర. ఫారంలో 25/04/2012 అని ఏటవాలు గీత, అంటే స్లాష్ పెట్టి రాస్తే అది అమెరికావాళ్ల పద్ధతిలో నెల ముందు అనుకుంటుంది. ఇరవై అయిదో నెల ఎక్కడుంది? అందుకే తెలియదని చేతులెత్తేస్తుంది, ఆ జవాబును నువ్వు చూసుకోకుండా డేట్‌కు పంపితే అది సున్నా అనుకుంటుంది, సున్నా సెకన్లంటే 1970 జనవరి 1. ఇది కనపడే తప్పు, కాబట్టి నయం. బంటి పుట్టింది ఏప్రిల్ 5న కదా, వాడి పేరు దగ్గర మే 4 అని ఉంటది చూడు, అది ఎవరూ పట్టుకోలేరు. స్లాష్‌ల బదులు అడ్డగీత, అంటే డ్యాష్ పెడితే రోజు ముందు అని తీసుకుంటుంది. ఇంకా మంచిది, డేట్‌టైమ్‌లో క్రియేట్‌ఫ్రమ్‌ఫార్మాట్ అని ఉంది, ఏది రోజు ఏది నెల అని నువ్వే చెప్పొచ్చు. కాకపోతే అట్లా చెప్పే ఫార్మాట్ ముందు ఆశ్చర్యార్థకం గుర్తు పెట్టకపోతే ఇప్పటి గంటా నిమిషం తెచ్చి పుట్టినరోజుకు అతికిస్తుంది.

నవ్వకండి, నేనూ తిన్నా ఇట్లాంటి దెబ్బలు. నల్గొండ గడియారం సెంటర్ దగ్గర షాపు నడిపే రోజుల్లో మిర్యాలగూడ దిక్కు ఒక రైస్ మిల్లుకు గేటు స్లిప్పుల పేజీ చేసిచ్చా, ధాన్యం లారీ రాగానే టైమ్ ప్రింటయ్యేటట్టు. యాసంగి వడ్లు వచ్చే కాలం, రాత్రనక పగలనక లారీలే. డేట్‌కు ఏమేం కావాలో ఒక్కో ఇంగ్లిష్ అక్షరంతో చెప్పాలి, నిమిషాలకు చిన్న ఐ (i) రాయాల్సిన చోట నేను చిన్న ఎమ్ (m) రాశా, అది నెల. 10:04, 11:04, 02:04, ఏప్రిల్ నెలలో వచ్చిన ప్రతి లారీ సరిగ్గా నాలుగో నిమిషానికే వచ్చింది! మే ఒకటిన అన్నీ 05 అయితే గేటు దగ్గరున్న వాచ్‌మన్ అడిగాడు, "సారూ, నిన్నటిదాకా నాలుగు, ఇయ్యాల అయిదెందుకు?" అని. పెద్ద ఎమ్ అయితే ఏపీఆర్ అని నెల పేరే వచ్చేది, అప్పుడు మొదటి రోజే దొరికిపోయేవాణ్ని. చిన్న హెచ్ పన్నెండు గంటల లెక్క, పెద్ద హెచ్ ఇరవై నాలుగు, చిన్న వై అంటే సంవత్సరానికి రెండు అంకెలే, ఇవన్నీ తప్పులు చేసుకుంటూ నేర్చుకున్నవే.

అది సర్దగానే ఇంకొకటి. అయిదో తారీఖు తెల్లవారుజామున మూడింటికి వచ్చిన లారీకి స్లిప్పులో నాలుగో తారీఖు రాత్రి తొమ్మిదిన్నర అని పడింది. డ్రైవర్ ఊరుకుంటాడా, "నిన్నటి నుంచి నిలబడ్డట్టు మీ కాగితమే చెబుతుంది, హాల్టింగ్ ఛార్జీ కట్టండి" అని కూర్చున్నాడు. సర్వర్ యూటీసీలో ఉంది, మనం దానికంటే అయిదున్నర గంటలు ముందు. పేజీ మొదట్లోనే డీఫాల్ట్ టైమ్‌జోన్ ఏషియా/కోల్‌కతా అని పెడితే అయిపోయేది. హైదరాబాద్ అని రాస్తే తీసుకోదు, దేశమంతటికీ కోల్‌కతా పేరే.

బంటీ, తెలుగులో శుక్రవారం, ఏప్రిల్ అని రావాలంటే డేట్‌తో కాదు, అది ఇంగ్లిష్ తప్ప రాయదు. పీహెచ్‌పీలో ఇంటల్‌డేట్‌ఫార్మాటర్ అని ఇంకో పనిముట్టు ఉంది, దానికి తెలుగు అని చెప్పాలి. కానీ జాగ్రత్త, అందులో పెద్ద ఎమ్ నెల, చిన్న ఎమ్ నిమిషం. నాకు తెలిసి ఇంత తిక్క పని ఇంకొకటి లేదు.

చిన్నీ, ముందు బంటిగాడి పుట్టినరోజు సరిచెయ్, లేకుంటే మే 4న కేక్ అడుగుతాడు.

మీ తాత,
నల్గొండ