చైనా రాతి తోరణాలు: అపోహలు - వాస్తవాలు

పాత రాతి కట్టడాల మరమ్మతు నా వృత్తి. చైనాలోని అన్హ్వీ ప్రాంతంలో, టాంగ్‌యుయే ఊరి దగ్గర వరసగా నిలిచిన 7 తోరణాల ఫొటోలు పంపి చాలామంది ప్రశ్నలు అడుగుతుంటారు. వీటిని అక్కడ పైఫాంగ్ అంటారు. వాటి గురించి తరచూ వినిపించే కొన్ని అపోహలివి.

అపోహ: ఇవి కమానులు.
వాస్తవం: చాలావాటిలో కమాను వంపే ఉండదు. నిలువు స్తంభాలు, వాటిమీద అడ్డదూలాలు, అంతే. ఓరుగల్లు కోటలోని కాకతీయ తోరణాలదీ ఇదే పద్ధతి. ఒక రాయికి నాలుకలా చెక్కి, ఇంకో రాయిలో తవ్విన గాడిలో బిగిస్తారు. నిజానికిది రాతిలో చేసిన వడ్రంగం. చిక్కల్లా ఒకటే: రాయి ఎంత బరువైనా మోస్తుంది గానీ వంపును తట్టుకోలేదు. దూలం అడుగున పగులు వచ్చేస్తుంది. అందుకే దూలం స్తంభాన్ని కలిసే మూలల్లో చెక్కిన రాతి బ్రాకెట్లు పెట్టారు.

అపోహ: చెక్కడాలన్నీ అందానికే.
వాస్తవం: స్తంభం మొదట్లో ముందూ వెనకా ఉండే గుండ్రటి రాళ్ళు అది ఒరిగిపోకుండా పట్టి ఉంచుతాయి. పైన పలకలను జల్లెడలా తొలిస్తే బరువు తగ్గుతుంది, గాలి తోపుడూ తగ్గుతుంది. అదే అన్హ్వీలోని షెషియన్ ఊళ్ళో, షూ గువో అనే పెద్ద అధికారి పేర 1584లో కట్టిన తోరణానికైతే ఏకంగా 8 కాళ్ళు. మామూలు తోరణాల్లా ఒకే వరసలో కాకుండా నాలుగు వైపులా పెట్టెలా నిలబడింది. దాని స్తంభాల మొదట్లో 12 సింహాలున్నాయి. వెళ్తే ముందు వాటినే చూడండి.

అపోహ: ఇవన్నీ రాజుల విజయ చిహ్నాలు.
వాస్తవం: ఎక్కువగా అధికారులకు, పండితులకు, తల్లిదండ్రులను సేవించిన కొడుకులకు, వితంతువులకు కట్టారు. టాంగ్‌యుయేలో రెండు వితంతువులవే. మింగ్ రాజవంశ కాలపు నియమం ప్రకారం, తనకు 30 ఏళ్ళలోపే భర్త పోయి, 50 దాటేదాకా మళ్ళీ పెళ్ళి చేసుకోని స్త్రీకే ఈ గౌరవం. ఆమె ఇంటివాళ్ళకు ప్రభుత్వ వెట్టిచాకిరీ తప్పేది. దీన్ని త్యాగగాథగా చెబితే నాకు మనసొప్పదు. ఒక తోరణం మీద ‘బావ్ వెన్‌యువాన్ భార్య, వూ ఇంటి ఆడపడుచు’ అనే అర్థంలో చెక్కారు. ఆమె సొంత పేరు లేదు.

అపోహ: రాయే కదా, మెయింటెనెన్స్ అక్కర్లేదు.
వాస్తవం: అతుకుల్లో దిగిన నీరు చలికి గడ్డకడితే రాయి చీలుతుంది. సిమెంటుతో పూడిస్తే ఇంకా ప్రమాదం: తేమ లోపలే చిక్కుకుంటుంది, లవణాలు చెక్కడాన్ని పొరలు పొరలుగా ఊడగొడతాయి. సున్నపు గచ్చే వాడాలి. నల్లబడిందని వైర్ బ్రష్ పట్టుకునే ముందు, పునాది కుంగిందేమో, స్తంభం నిటారుగా ఉందో లేదో కొలిచి చూడాలి.