పనులు ఎక్కువై కూలిన కంపెనీలు

మన పెద్ద నిర్మాణ కంపెనీలు పనుల్లేక మూతపడలేదు. చేతిలో వేల కోట్ల పనులు ఉండగానే కూలాయి. హైదరాబాద్‌లో ఎదిగిన మేటాస్, లాంకో, ఐవీఆర్‌సీఎల్ కథలను పక్కపక్కన పెట్టి చూస్తే, జబ్బు ఎక్కడ మొదలైందో అర్థమవుతుంది.

ఐవీఆర్‌సీఎల్ పుట్టింది 1987లో. అప్పట్లో మన కాంట్రాక్టర్లలో చాలామంది కాలువలు, రోడ్లు, పైపులైన్ల పనులు పట్టే కుటుంబాలవాళ్లే. యజమానే సైటు మీద నిలబడేవాడు. మేస్త్రీని పేరు పెట్టి పిలిచేవాడు. ఎన్ని బస్తాల సిమెంటు పడుతుందో నోటిలెక్కన చెప్పేవాడు. నాలుగైదు సైట్లు ఉన్నంతకాలం ఆ పద్ధతికి తిరుగులేదు.

2000 తర్వాత పనుల వరద వచ్చింది. నాలుగు మహానగరాలను కలిపే స్వర్ణ చతుర్భుజి రోడ్లు, 2004లో మొదలైన జలయజ్ఞం సాగునీటి పనులు, బీఓటీ హైవేలు (కాంట్రాక్టరే కట్టి, కొన్నేళ్లు నడిపి అప్పగించేవి), ప్రైవేటు విద్యుత్ కేంద్రాలు. స్టాక్ మార్కెట్ కూడా ఈ కంపెనీలకు ఆర్డర్ బుక్, అంటే చేతిలో ఉన్న పనుల మొత్తం విలువ, చూసే విలువ కట్టింది. దాంతో పని పూర్తి చేయడం కన్నా టెండరు గెలవడమే ముఖ్యమైపోయింది.

అసలు మెలిక మొబిలైజేషన్ అడ్వాన్సులో ఉంది. ఒప్పందం కాగానే బ్యాంకు గ్యారంటీ తీసుకుని కాంట్రాక్టు విలువలో కొంత శాతం ముందే ఇస్తారు. తర్వాత పని సాగేకొద్దీ పెట్టే ప్రతి ఆర్‌ఏ (రన్నింగ్ అకౌంట్) బిల్లులో కొంత కొంత కోసుకుంటారు. ఆ డబ్బు ఆ సైటుకే పోతే ఇబ్బంది లేదు. కానీ పాత సైటులో బిల్లులు ఆగినప్పుడు కొత్త పని అడ్వాన్సు అక్కడికి మళ్లుతుంది. ఇక కొత్త సైటులో మెషినరీ దిగదు, పని కదలదు, ఎం.బుక్కులో (జరిగిన పని కొలతలు రాసే పుస్తకంలో) కొలతలు ఎక్కవు. కొలతలు ఎక్కకపోతే బిల్లు రాదు. ఆ లోటు పూడ్చడానికి ఇంకో టెండరు వేస్తారు, అదీ మరింత తక్కువ రేటుకు. సైట్లు పదుల్లోకి పెరిగినా నిర్ణయాలు మాత్రం యజమాని గదిలోనే. ప్రాజెక్టు మేనేజరుది పెద్ద హోదా, చేతిలో చెక్కు మాత్రం ఉండదు. ఏ సైటు సొమ్ము ఏ సైటు తింటోందో విడిగా లెక్క అడిగే బోర్డు లేకపోవడమే, నా దృష్టిలో, అసలు లోపం.

మేటాస్‌ది ఇంకో రకం కథ. 2008లో హైదరాబాద్ మెట్రో అంచనా వ్యయం సుమారు 12,000 కోట్లు. ప్రభుత్వ సాయం అడగాల్సిన చోట మేటాస్ బృందమే ప్రభుత్వానికి ఎదురు 30,311 కోట్లు ఇస్తామంది. ఢిల్లీ మెట్రో అధిపతి ఇ. శ్రీధరన్ అప్పుడే ప్రణాళికా సంఘానికి హెచ్చరిక లేఖ రాశారు. మేటాస్ నడిపిన రామలింగరాజు కుటుంబానిదే సత్యం సాఫ్ట్‌వేర్ కంపెనీ కూడా. ఆ డిసెంబరులో సత్యం నిధులతో రెండు మేటాస్ కంపెనీలను కొనబోతే సత్యం వాటాదార్లు తిరగబడ్డారు. ఒక కుటుంబ కంపెనీకి, ఇంకో కంపెనీకి మధ్య గోడ ఎంత పలచనో దేశమంతా చూసింది. 2009 జులైలో మెట్రో ఒప్పందం రద్దయింది.

ఆ పాఠం ఎవరికీ పట్టలేదు. 2011లో లాంకో ఆస్ట్రేలియా వెళ్లి గ్రిఫిన్ బొగ్గు కంపెనీని కొంది. ఐవీఆర్‌సీఎల్ 2009లో చేపట్టిన కోల్‌కతా వివేకానంద రోడ్డు ఫ్లైఓవర్ గడువు మీద గడువు దాటుతూ ఏళ్లతరబడి సాగింది. 2015లో బ్యాంకులు ఐవీఆర్‌సీఎల్ తమకివ్వాల్సిన బాకీని ఆ కంపెనీ వాటాలుగా మార్చుకునే ప్రక్రియ మొదలుపెట్టాయి. 2016 మార్చి 31న ఆ ఫ్లైఓవర్ కూలి కనీసం 26 మంది చనిపోయారు. కంపెనీ అధికారి ఒకరు దాన్ని దైవఘటన అన్నారు. ఆ మాట ఇప్పటికీ మనసును కోస్తుంది.

లాంకో 2018లో, ఐవీఆర్‌సీఎల్ 2019లో లిక్విడేషన్‌కు, అంటే ఆస్తులమ్మి బాకీలు తీర్చే ప్రక్రియకు, వెళ్లాయి. 2016 దివాలా చట్టం 53వ సెక్షన్ ప్రకారం ఆస్తులమ్మిన డబ్బులో ముందు ప్రక్రియ ఖర్చులు, తర్వాత హామీ ఉన్న బ్యాంకులు, కంపెనీ కార్మికుల 24 నెలల బకాయిలు. కంకర తోలినవాడు, జేసీబీ అద్దెకిచ్చినవాడు, పీస్‌వర్కు (చేసిన పని పరిమాణాన్ని బట్టి కూలి) పట్టిన సబ్ కాంట్రాక్టరు వరుసలో బాగా కింద ఉంటారు. వాళ్ల దగ్గర పనిచేసిన కూలీల పేర్లు చాలాసార్లు కంపెనీ జీతాల రిజిస్టరులోనే ఉండవు.