డీపీఎఫ్ తీసేస్తే, ఈజీఆర్ మూసేస్తే: డీజిల్ కార్లపై అపోహలు - వాస్తవాలు

విజయవాడ ఆటోనగర్‌లో డీజిల్ ఇంజిన్ల పని చేసే మా వద్దకు, 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు అమల్లోకి వచ్చిన తరువాత, డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) తీసేయమనీ ఈజీఆర్ (కాలిన వాయువులో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే వాల్వు) మూసేయమనీ అడిగేవారు ఎక్కువయ్యారు. కొత్త డీపీఎఫ్ ధర విన్నవారికి ఆ ఆలోచన రావడం సహజమే గానీ, దాని వెనుక ఉన్న నమ్మకాలు మాత్రం పరీక్షకు నిలబడేవి కావు.

అపోహ: డీపీఎఫ్ మూసుకుపోతే తీసేయడం తప్ప దారి లేదు.

వాస్తవం: డీపీఎఫ్ పొగలోని మసిని పట్టి ఉంచి, దాదాపు 600 డిగ్రీల వేడి వద్ద తనలోనే కాల్చేసుకుంటుంది, దీన్నే రీజనరేషన్ అంటారు. రోజూ పటమట నుంచి గవర్నరుపేట దాకా, బెంజి సర్కిల్‌లో ఆగుతూ సాగుతూ తిరిగే కారులో ఆ వేడి పుట్టదు, పుట్టినా పని పూర్తికాక ముందే ఇంజిన్ ఆపేస్తారు. హెచ్చరిక లైటు వెలిగిన తొలి దశలోనే గుంటూరు హైవే ఎక్కి, ఇంజిన్ 2,000 ఆర్పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) పైన ఉండేలా ఓ ఇరవై నిమిషాలు నిలకడగా నడిపితే చాలా కార్లలో మసి కాలిపోతుంది.

అలా చేసినా వారం తిరగకుండా మళ్లీ మూసుకుపోతుంటే లోపం వేరే చోట ఉన్నట్టే. కారుతున్న ఇంజెక్టరు (ఇంజిన్‌లోకి డీజిల్ చల్లేది) గానీ, ఆయిల్ వదులుతున్న టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపేది) గానీ, తెరుచుకుని ఉండిపోయిన థర్మోస్టాట్ (ఇంజిన్ వేడిని అదుపు చేసే వాల్వు) గానీ కారణం కావచ్చు. వీటిలో థర్మోస్టాట్‌ను అనుమానించేవారే తక్కువ. అది మూసుకోకపోతే ఇంజిన్ తగినంత వేడెక్కదు, వేడెక్కనిదే కంప్యూటర్ రీజనరేషన్ మొదలుపెట్టదు. ఒకసారి డిప్‌స్టిక్ (ఇంజిన్ ఆయిల్ మట్టం చూసే పుల్ల) తీసి చూడండి. ఆయిల్ పై గీత దాటి, పలచబడి, డీజిల్ వాసన కొడుతోందంటే, రీజనరేషన్ కోసం అదనంగా చల్లిన డీజిల్ పదేపదే ఆయిల్‌లోకి దిగిందని అర్థం. ఇటువంటి కారుకు డీపీఎఫ్ పీకేస్తే లైటు ఆరుతుంది, ఇంజెక్టరు మాత్రం కారుతూనే ఉంటుంది.

కాలని బూడిద సంగతి వేరు. అది ఇంజిన్ ఆయిల్ నుంచి వచ్చేది కాబట్టి, కంపెనీ సూచించిన తక్కువ బూడిద ఆయిల్ వాడటం ముఖ్యం. చాలా కిలోమీటర్ల తరువాత డీపీఎఫ్ నిండితే విప్పి శుభ్రం చేయించుకోవచ్చు.

అపోహ: ఈజీఆర్ మూస్తే పొగ తగ్గుతుంది కనుక కాలుష్యమూ తగ్గినట్టే.

వాస్తవం: ఇందులో సగం నిజముంది. ఈజీఆర్ వల్ల ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే గొట్టాల్లో) జిగట మసి పేరుకునే మాటా, మూస్తే నల్లపొగ తగ్గే మాటా కాదనలేం. కానీ కాలిన వాయువులో కొంత తిరిగి లోపలికి పంపి మంట వేడిని తగ్గించడమే ఈజీఆర్ పని. అది ఆగితే నైట్రోజన్ ఆక్సైడ్లు పెరుగుతాయి. అవి పొగలా కంటికి ఆనవు, కానీ ఊపిరితిత్తులను దెబ్బతీస్తాయి, మన ఎండలకు ఓజోన్ పుట్టడానికీ కారణమవుతాయి.

అపోహ: పొల్యూషన్ సర్టిఫికెట్ వచ్చింది కనుక చట్టపరంగా ఇబ్బంది లేదు.

వాస్తవం: ఆ కేంద్రంలో డీజిల్ కారుకు కొలిచేది పొగ సాంద్రత మాత్రమే, నైట్రోజన్ ఆక్సైడ్లను కొలవరు. కాలుష్య ప్రమాణాలను ఉల్లంఘించిన వాహనాన్ని నడిపితే, మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ ప్రకారం, తొలిసారే రూ.10,000 వరకు జరిమానా లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. పైగా మూడు నెలలు లైసెన్సుపై అనర్హత.

అపోహ: తీసేస్తే మైలేజీ, పికప్ పెరుగుతాయి.

వాస్తవం: రీజనరేషన్‌కు ఖర్చయ్యే కొద్దిపాటి డీజిల్ మిగులుతుంది, అంతే. పెరిగిందనుకునే పికప్ చాలావరకు దానితోపాటు చేసే రీమ్యాప్‌ది, అంటే ఇంజిన్ కంప్యూటర్‌లోని సెట్టింగుల మార్పుది.

సెకండ్ హ్యాండ్ బీఎస్-6 కారు కొనేవారు సైలెన్సర్ గొట్టం లోపల వేలు తిప్పి చూడాలి. డీపీఎఫ్ సవ్యంగా ఉన్న కారులో వేలికి మసి దాదాపు అంటదు. నల్లగా అంటితే డీపీఎఫ్ పగిలిందో, లోపల ఖాళీ చేశారో అని అనుమానించి, స్కానర్ పెట్టించి, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు డీపీఎఫ్ ముందువెనుకల ఒత్తిడి తేడా పెరుగుతోందో లేదో చూడమని మెకానిక్‌ను అడగండి.