బేకరీ ఈస్ట్ జన్యువులు: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఈస్ట్ ఏదైనా ఒకటే. తీపి పిండి పొంగకపోతే ఇంకాస్త వేస్తే సరి.

వాస్తవం: జాతి ఒకటే, సాక్రోమైసిస్ సెరవిసియే. స్ట్రెయిన్లు, అంటే ఆ జాతిలోని రకాలు, మాత్రం వేరు. మైదా బరువులో చక్కెర సుమారు 10 శాతం దాటితే మామూలు స్ట్రెయిన్ నీరసిస్తుంది. దానిలో సుక్-2 జన్యువు నుంచి వచ్చే ఇన్వర్టేజ్ ఎంజైమ్ ఎక్కువ. అది చక్కెరను త్వరగా గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడగొడుతుంది. ఒక అణువు రెండయ్యేసరికి ద్రవాభిసరణ పీడనం పెరిగి, కణంలోని నీరు బయటికి లాగేస్తుంది. తీపి పిండికి ఎంపిక చేసిన స్ట్రెయిన్లలో ఇన్వర్టేజ్ తక్కువ, నీటిని పట్టి ఉంచే గ్లిసరాల్ ఎక్కువ. మామూలుదే రెట్టింపు వేస్తే పొంగొచ్చు గానీ బన్ను ఈస్ట్ కంపు కొడుతుంది.

అపోహ: చక్కెర వేయకపోతే ఈస్ట్‌కు తిండి ఉండదు.

వాస్తవం: మైదాలోని అమైలేజ్ ఎంజైమ్‌లు స్టార్చ్‌ను మాల్టోజ్ అనే చక్కెరగా మారుస్తాయి. దాన్ని వాడుకోవడానికి 'మాల్' జన్యువులు మూడు కావాలి: మాల్టోజ్‌ను లోపలికి చేర్చేది, విడగొట్టేది, ఈ రెండింటినీ పనిలోకి దింపేది. గ్లూకోజ్ ఉన్నంతసేపూ మిగ్-1 ప్రోటీన్ వీటిని అణచిపెడుతుంది. అందుకే కొన్ని ఈస్ట్‌లతో పిండి కాస్త పొంగి, ఆగి, మళ్లీ కదులుతుంది. ఈస్ట్ చచ్చిందనుకుని పారేయకండి. చప్పటి బ్రెడ్డుకు ఎంచిన స్ట్రెయిన్లలో ఈ విరామం చాలా తక్కువ.

ఏ ఈస్ట్ ఏ పిండికి తగిందో చూసే పరీక్ష సులువే. 100 గ్రాముల మైదా, 60 నీళ్లు, 1.5 ఉప్పు, 1 ఇన్‌స్టంట్ ఈస్ట్ ఒక ముద్ద. అదే కొలతకు 20 గ్రాముల చక్కెర చేర్చి, నీళ్లు 55కు తగ్గించి ఇంకో ముద్ద. నిలువు గాజు గ్లాసుల్లో, 30 డిగ్రీల దగ్గర పెట్టి 15 నిమిషాలకోసారి ఎత్తు గుర్తు పెట్టండి. తీపిది ఏ ఈస్ట్‌తోనైనా కొంత వెనకబడుతుంది, కాబట్టి రెండు రకాల ప్యాకెట్లను పక్కపక్కన పోల్చాలి.

అపోహ: ఇదంతా జన్యుమార్పిడి సరుకు.

వాస్తవం: అమ్మకంలో ఉన్నవి ప్రధానంగా సంకరం, ఎంపికల ద్వారా వచ్చినవే. 1990లో బ్రిటన్ ఒక జన్యుమార్పిడి బేకరీ ఈస్ట్‌కు అనుమతిచ్చినా అది మార్కెట్‌కు రాలేదు. సంకరమూ తేలిక కాదు: చాలా బేకరీ స్ట్రెయిన్లలో 16 క్రోమోజోముల సెట్లు నాలుగేసి ఉంటాయి, సంకరానికి కావలసిన సిద్ధబీజాలు సరిగా ఏర్పడవు.

అపోహ: పాత ముద్ద దాచుకుంటే అదే స్ట్రెయిన్ నిలుస్తుంది.

వాస్తవం: లాక్టిక్ బాక్టీరియా, అడవి ఈస్ట్‌లు చేరిపోతాయి. తయారీదారులు అందుకే ప్రతిసారీ భద్రపరిచిన శుద్ధ కల్చర్‌తోనే మొదలుపెడతారు.